శుద్ధి, శేషం: రక్తశుద్ధి నుంచి జలశుద్ధి వరకు ఆవిష్కరణల చరిత్ర

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

1. రక్తశుద్ధి విధానం విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో ఎలా పుట్టి, రోగి మంచం దాకా ఎలా చేరిందో వివరించగలుగుతారు.
2. వైద్యంలో వాడే పదార్థాలకు, పర్యావరణ కాలుష్యానికి మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
3. నల్లగొండ, పటాన్‌చెరు అనుభవాల ఆధారంగా శుద్ధి పద్ధతుల బలాలను, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
4. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో అమలైన జలాశయ పరిరక్షణ ఉత్తర్వుల చరిత్రను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. ప్రస్తావన

హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు మీద పడమటికి వెళ్తే ముందు మొయినాబాద్, ఆ తరువాత చేవెళ్ల వస్తాయి. ఈ దారి పొడవునా ఉన్న పాత మర్రిచెట్లు అందరికీ తెలుసు. దారికి ఉత్తరాన మూసీ, దక్షిణాన ఈసా నదులు ఉన్న సంగతి మాత్రం వానాకాలంలో తప్ప చాలామందికి గుర్తుకు రాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్‌ను, ఈసా మీద హిమాయత్‌సాగర్‌ను కట్టారు. మొయినాబాద్ ఈ రెండు జలాశయాల మధ్య ఉంది. ఇక్కడి పొలాల మీద కురిసిన వాన ఏదో ఒక వాగు పట్టుకుని చివరికి ఆ నీళ్లలోనే కలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సూచించారు. ఆ సూచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి తాగునీటి వనరులయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదును విడిచిపోరని ఇప్పటికీ పెద్దలు అంటుంటారు.

రక్తశుద్ధి గురించిన పాఠం చెరువులతో ఎందుకు మొదలవుతోందని మీకు సందేహం రావచ్చు. మనిషి ఒంట్లో ప్రవహించే రక్తానికైనా, ఊరి పక్కన ప్రవహించే వాగుకైనా శుద్ధి అనే పని ఒక్కటే. ఉండకూడనిదాన్ని ఉండవలసినదాని నుంచి వేరు చేయడమే ఆ పని. ఇక్కడే చరిత్ర విద్యార్థి ఒక ప్రశ్న వేసుకోవాలి. వేరు చేసిన మాలిన్యం ఎక్కడికి పోయింది? అది మాయం కాదు. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి వాకిట్లో శేషంగా మిగులుతుంది. ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

2. రక్తశుద్ధి: సాసేజీ తొడుగు నుంచి టెఫ్లాన్ గొట్టం వరకు

ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో చాలా భాగాన్ని తిరిగి రక్తంలోకి పంపి, ఒకటి రెండు లీటర్లను మాత్రం మూత్రంగా బయటికి తోస్తాయి. ఈ పనిని ఒక యంత్రం చేయగలదన్న ఆలోచనకు మూలం స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం పరిశోధన. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చాలాకాలం ఆచార్యుడిగా పనిచేసిన ఆయన, ఒక పలుచని పొర గుండా చిన్న అణువులు దాటిపోతాయని, పెద్దవి ఆగిపోతాయని 1861లో వివరించారు. డయాలసిస్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ సూత్రాన్ని 1913లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ జాకబ్ ఏబెల్, ఆయన సహచరులు జంతువులపై ప్రయోగించి చూశారు. కల్లోడియన్ అనే పదార్థంతో చేసిన సన్నని గొట్టాల గుండా రక్తాన్ని పంపి, దానిలోని కొన్ని పదార్థాలను బయటికి తీశారు. రక్తం గొట్టాల్లో గడ్డకట్టకుండా ఉండడానికి జలగల నుంచి తీసిన హిరుడిన్‌ను వాడారు. 1924లో జర్మనీలోని గీసెన్‌లో గియోర్గ్ హాస్ తొలిసారిగా మనిషికి రక్తశుద్ధి చేశారు. అయితే ఆ చికిత్స స్వల్పకాలం మాత్రమే సాగింది. రోగి ప్రాణాన్ని నిలపడానికి అది సరిపోలేదు.

ఈ ప్రయోగాలను చికిత్సగా మార్చినవారు నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం కోల్ఫ్. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రోజుల్లో, మూత్రపిండాలు చెడిన ఒక యువకుడు కళ్ల ముందే చనిపోవడం ఆయనను కలచివేసింది. మాంసపు సాసేజీలకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఆయన పొరగా ఎంచుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, జర్మన్ ఆక్రమణలో ఉన్న కాంపెన్ పట్టణంలో 1943లో తన యంత్రాన్ని రోగులకు వాడడం మొదలుపెట్టారు. చెక్క పీపాకు సెల్లోఫేన్ గొట్టాన్ని చుట్టి, ఆ పీపాను ఉప్పు ద్రావణం నింపిన తొట్టిలో తిప్పేవారు. తొలి రోగులలో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక మహిళ స్పృహలోకి వచ్చి, కోలుకుని, ఆ తరువాత మరికొన్నేళ్లు జీవించారు. చేతికందిన వస్తువులతో, వైఫల్యాల మధ్య పుట్టిన ఆవిష్కరణ ఇది.

కోల్ఫ్ యంత్రం మూత్రపిండాలు తాత్కాలికంగా ఆగిపోయినవారిని గట్టెక్కించగలిగింది. శాశ్వతంగా చెడిపోయినవారికి మాత్రం వారానికి రెండు మూడుసార్లు, జీవితాంతం శుద్ధి జరగాలి. ప్రతిసారీ రక్తనాళాన్ని కోయవలసి రావడంతో కొద్దికాలానికే వాడదగిన నాళాలు మిగిలేవి కావు. ఈ చిక్కును 1960లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం విడదీసింది. రక్తం అంటుకోని టెఫ్లాన్‌తో చేసిన గొట్టాన్ని రోగి ముంజేతిలో ధమనికి, సిరకు శాశ్వతంగా కలిపి ఉంచారు. ఆ ఏడాది మార్చిలో ఈ గొట్టంతో చికిత్స మొదలుపెట్టిన తొలి రోగి మరో 11 ఏళ్లు జీవించారు. అంటే రక్తశుద్ధి యంత్రానికి దీర్ఘాయువు పోసింది ఒక కొత్త పదార్థం.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది సామాజికమైనది. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ కావడంతో ఎవరికి చికిత్స ఇవ్వాలో తేల్చడానికి సియాటిల్‌లో ఒక పౌరుల కమిటీని నియమించారు. బతికే అవకాశాన్ని ఒక కమిటీ పంచిపెట్టడం మీద 1962లో అమెరికా అంతటా పెద్ద చర్చ జరిగింది. పదేళ్ల తరువాత, 1972లో, అక్కడి ప్రభుత్వం ఈ చికిత్స ఖర్చును భరించే చట్టం చేసింది. మన దగ్గర 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం ఇదే సమస్యకు ప్రభుత్వపరంగా వెతికిన జవాబులు. ఆవిష్కరణ ప్రయోగశాలలో పుడుతుంది. అది పేదవాడి దాకా చేరాలంటే విధానం కావాలి.

రెండోది శేషానికి సంబంధించినది. డయాలసిస్ యంత్రంలో శుద్ధి ద్రావణం నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల చొప్పున ప్రవహిస్తుంది. నాలుగు గంటల చికిత్సకు దాదాపు 120 లీటర్లు అవుతుంది. ఆ ద్రావణానికి కావలసిన నీటిని ముందుగా ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేస్తారు. అందులో తోసివేసే నీళ్లు దీనికి అదనం. ఒక మనిషి రక్తాన్ని శుభ్రం చేయడానికి అంత నీరు కావాలి, ఆ నీరంతా చివరికి మురుగుకాలువలోకి వెళ్లాలి. మంచి నీటికి కరువైన చోట మంచి రక్తశుద్ధి కూడా సాధ్యం కాదు.

3. వైద్య పదార్థాలు: ఒంటికి సరిపడినది నేలకు సరిపడుతుందా?

శరీరం లోపల పెట్టే పదార్థానికి పరీక్షలు కఠినంగా ఉంటాయి. రక్తం దాని మీద గడ్డకట్టకూడదు, శరీరం దాన్ని తిరస్కరించకూడదు, ఏళ్ల తరబడి అరిగిపోకూడదు. ఇందుకు మన దేశంలో ప్రసిద్ధమైన ఉదాహరణ చిత్ర హృదయ కవాటం. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో వైద్యులు, ఇంజినీర్లు కలిసి దీన్ని రూపొందించారు. మొదటి మూడు నమూనాలు పరీక్షల్లో నిలవలేదు. పాలిథిలీన్ బిళ్లతో చేసిన నాలుగో నమూనా గొర్రెలపై జరిపిన ప్రయోగాల్లో నెగ్గింది. 1990 డిసెంబరు 6న దాన్ని తొలిసారి ఒక రోగికి అమర్చారు. దిగుమతి కవాటాలు కొనలేని వేలాదిమందికి అది ఊపిరి పోసింది.

హైదరాబాదులోనూ 1990ల దశకంలో ఇలాంటి కృషి జరిగింది. ఏ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు కలిసి తక్కువ ధరలో స్టెంటును తయారు చేయించారు. కలాం–రాజు స్టెంటుగా దానికి పేరు వచ్చింది. నిమ్స్ వైద్యులు పోలియో పిల్లల కాలిపట్టీల బరువు గురించి చెప్పినప్పుడు, క్షిపణుల కోసం తేలికపాటి పదార్థాలు తయారుచేసిన అనుభవం అక్కరకు వచ్చింది. సుమారు 3 కిలోల పట్టీల స్థానంలో 300 గ్రాముల పట్టీలు వచ్చాయని కలాం స్వయంగా పలుమార్లు చెప్పారు. తన జీవితంలో ఎక్కువ ఆనందం ఇచ్చిన పనుల్లో అదొకటని కూడా అన్నారు.

ఈ కథలు మనకు గర్వకారణాలు. అయితే చరిత్రలో మరో పక్కను కూడా చదవాలి. రక్తాన్ని నిలవ ఉంచే సంచినే తీసుకోండి. ఒకప్పుడు దాత రక్తాన్ని గాజు సీసాల్లో పట్టేవారు. అవి పగిలేవి, వాటిలోని గాలి రోగి నాళంలోకి వెళ్లే ప్రమాదం ఉండేది. 1950 ప్రాంతంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శస్త్రవైద్యుడు కార్ల్ వాల్టర్ ప్లాస్టిక్ సంచిని ప్రవేశపెట్టారు. దానితో రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీసి, ఒక దాత రక్తాన్ని ముగ్గురికి ఉపయోగించడం సులువైంది. మన దేశంలో రక్తపు సంచుల తయారీ పరిజ్ఞానాన్ని కూడా శ్రీ చిత్ర సంస్థే అభివృద్ధి చేసింది.

ఆ సంచిని ఎక్కువగా పి.వి.సి. ప్లాస్టిక్‌తో చేస్తారు. పి.వి.సి.లో క్లోరిన్ ఉంటుంది. వాడి పారేసిన సంచిని సరైన ఉష్ణోగ్రత లేని పొయ్యిలో కాలిస్తే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. అందుకే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు క్లోరిన్ కలిగిన ప్లాస్టిక్ సంచులను, చేతితొడుగులను, రక్తపు సంచులను రెండేళ్లలో మానివేయాలని చెప్పాయి. రక్తపు సంచికి అంత మంచి ప్రత్యామ్నాయం అందుబాటులో లేకపోవడంతో 2018 సవరణలో దాన్ని మినహాయించవలసి వచ్చింది. రక్తాన్ని బాగా కాపాడే పదార్థం గాలిని బాగా చెరిపే పదార్థం కూడా అయింది. టెఫ్లాన్ కథ కూడా ఇలాంటిదే. దాని తయారీలో చాలాకాలం వాడిన కొన్ని ఫ్లోరిన్ రసాయనాలు నీటిలో చేరితే దశాబ్దాలు గడిచినా విచ్ఛిన్నం కావని తరువాత తేలింది.

4. నల్లగొండ పద్ధతి: బిందెలో మిగిలిన బురద

ఇక ఒంటి నుంచి ఊరికి వద్దాం. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ వ్యాధిని శాస్త్రీయంగా వర్ణించిన తొలి నివేదిక 1937లో వెలువడింది. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గ్రామాలను పరిశీలించి దాన్ని రాశారు. అంటే ఈ వ్యాధి వైద్య చరిత్రలోకి తెలుగు పల్లెల నుంచే వచ్చింది. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా దీనికి మారుపేరైంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది. వేరే వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, దీనికి ఒక చౌక పరిష్కారాన్ని కనిపెట్టింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు తగిన మోతాదులో వేసి కలిపితే మెత్తని తెట్టెలు ఏర్పడతాయి. అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని వడకట్టి తాగవచ్చు. ఇంట్లో బిందెతో చేయవచ్చు, ఊరంతటికీ పెద్ద తొట్టెతో చేయవచ్చు. దీనికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. 1980లో అనంతపురం జిల్లా కదిరిలో ఈ పద్ధతితో సామూహిక శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. ఆ తరువాత ఇతర దేశాల్లోనూ, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికాలో, దీన్ని ప్రయత్నించారు. ప్రపంచ శాస్త్ర సాహిత్యంలో ఒక తెలుగు జిల్లా పేరు ఇలా నిలిచిపోయింది.

పద్ధతి మంచిదే. ఊళ్లలో అది ఎందుకు పూర్తిగా నిలవలేదు? దీనికి ప్రతిరోజూ మోతాదు లెక్క తప్పకూడదు. నీటిలోని క్షారగుణాన్ని బట్టి పటిక పాలు మారాలి. పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, తొట్టె అడుగున చేరిన బురదను ఎక్కడో పారబోయాలి. నీటి నుంచి తీసిన ఫ్లోరైడ్ అంతా ఆ బురదలోనే ఉంటుంది. ఆ బురదను బావి పక్కన పోస్తే వానకు మళ్లీ నేలలోకి దిగుతుంది.

ఆర్.ఓ. ప్లాంట్లదీ ఇదే కథ. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో 20 లీటర్ల క్యాన్లు నింపే ప్లాంటు ఉండే ఉంటుంది. డబ్బాలోకి వచ్చే మంచి నీటిని అందరం చూస్తాం. వెనక పైపు నుంచి మోరీలోకి పోయే ఉప్పు నీటిని చూసేవాళ్లు తక్కువ. చివరికి నల్లగొండ జిల్లాకు పెద్ద ఊరట శుద్ధి యంత్రం నుంచి రాలేదు. ఫ్లోరైడ్ లేని నదీజలాన్ని తెచ్చే పథకాల నుంచి, ముఖ్యంగా 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నుంచి వచ్చింది. చెడిన నీటిని బాగుచేయడం కన్నా చెడని నీటిని తెచ్చుకోవడం మేలైంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. అక్కడ వ్యాధికి ఇదమిత్థమైన కారణం ఇంకా తేలలేదు. అయినా ముందు డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. ఆ తరువాత 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి నీరు తెచ్చే పథకాన్ని, పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రాన్ని ఒకేసారి ప్రారంభించారు. రక్తశుద్ధి, జలశుద్ధి అక్కడ ఒకే వేదిక మీదికి వచ్చాయి.

5. పటాన్‌చెరు: పైపులైనులో ప్రయాణించిన విషం

1960లలో ఐ.డి.పి.ఎల్. కర్మాగారంతో హైదరాబాదు మందుల పరిశ్రమకు నెలవైంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో రసాయన పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలిశాయి. పొలాలు చెడిపోయాయి, బావులు రంగు మారాయి. రైతులు ధర్నాలు చేశారు, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1990లలోనే పరిశ్రమలన్నిటి వ్యర్థజలాలను ఒకచోట చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఏర్పడింది.

ఆ కేంద్రం శుద్ధి చేసి విడిచిన నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 90 మందుల తయారీ సంస్థల నుంచి వచ్చిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది చాలా ఎక్కువ. రోగి రక్తానికి చేరవలసిన మందు వాగు నీటికి చేరింది. అక్కడి సూక్ష్మజీవులు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటే, ఆ తరువాత రోగికి ఆ మందు పనిచేయదు. 2009లో వెలువడిన తదుపరి అధ్యయనం చుట్టుపక్కల గ్రామాల బావుల్లోనూ మందుల ఆనవాళ్లను గుర్తించింది.

శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని వాగులోకి వదలకుండా, సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరపు మురుగుకాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. పటాన్‌చెరు రైతులకు అది ఊరటే. అయితే పటం ముందు పెట్టుకుని చూడండి. పటాన్‌చెరు మంజీర పరీవాహకంలో ఉంది. అంబర్‌పేట మూసీ ఒడ్డున ఉంది. గోదావరి వైపు పోవలసిన శేషం కృష్ణ వైపు మళ్లింది. అంబర్‌పేట దిగువన మూసీ నీటితో వరి, పశుగ్రాసం పండించే రైతుల దగ్గరికి అది చేరింది. ఒకరి ఇల్లు ఊడ్చిన చెత్త మరొకరి వాకిట్లో పడింది.

6. చేవెళ్ల–మొయినాబాద్: మలినం కాకముందే

ఇప్పుడు మనం మొదలుపెట్టిన చోటికి వద్దాం. అంబర్‌పేట దగ్గరి మూసీ, చేవెళ్ల దగ్గరి మూసీ ఒకే నది. నగరం దాటాక శుద్ధి చేసినా బాగుపడని నీరు, నగరానికి ఎగువన పెద్దగా శుద్ధి అవసరం లేకుండానే దశాబ్దాలపాటు తాగడానికి పనికొచ్చింది. ఉస్మాన్‌సాగర్ నీరు మోటార్ల అవసరం లేకుండా, వాలు మీదనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది. ఈ తేడాకు కారణం యంత్రం కాదు. పైన ఉన్న పొలాలు, బీడు భూములు, వాగులు, గడ్డి.

ఈ సంగతిని గుర్తించి ప్రభుత్వం 1994లో జీవో 192ను, నిపుణుల కమిటీ సిఫార్సుల మీద 1996 మార్చి 8న జీవో 111ను జారీ చేసింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, రాజేంద్రనగర్, షాబాద్ మండలాలలోని గ్రామాలతో కలిపి మొత్తం 84 గ్రామాలు ఈ పరిధిలోకి వచ్చాయి.

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదపు నూనె ఉత్పన్నాలు తయారుచేయదలచిన ఒక సంస్థ ఈ నిషేధం నుంచి మినహాయింపు కోరింది. దాని ఉప ఉత్పత్తుల్లో వాడిన నికెల్ ఉత్ప్రేరకం కూడా ఉంది. ఆ నికెల్ జలాశయంలోకి చేరుతుందా లేదా అన్నదే వివాదం. చేరకుండా జాగ్రత్తలు తీసుకుంటామని సంస్థ వాదించింది. అప్పిలేట్ అధికారి సంస్థకు అనుకూలంగా తీర్పు ఇవ్వగా, కాలుష్య నియంత్రణ మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు మన పర్యావరణ న్యాయ చరిత్రలో మైలురాయి. సైన్సు ఖాయంగా చెప్పలేని చోట ముందుజాగ్రత్తే సూత్రం కావాలని, హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టదలచినవారిదేనని ఆ తీర్పు చెప్పింది. పర్యావరణ వివాదాలు విచారించే సంస్థల్లో న్యాయమూర్తులతోపాటు శాస్త్ర నిపుణులు కూడా ఉండాలని సూచించింది. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి దారివేసిన ఆలోచనల్లో ఇదొకటి. 2000 డిసెంబరులో ఇచ్చిన రెండో తీర్పులో, తాగునీరు జీవించే హక్కులో భాగమని, నిషేధం నుంచి ఒక్క పరిశ్రమకు మినహాయింపు ఇవ్వడం చెల్లదని కోర్టు స్పష్టం చేసింది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ముందుజాగ్రత్త మేలన్నది నిజమే. కానీ ముందుజాగ్రత్తకూ శేషం ఉంది. నగరం మంచి నీళ్లు తాగింది, 84 గ్రామాలు ఆంక్షలు మోశాయి. శంషాబాద్‌లో, గచ్చిబౌలిలో భూముల ధరలు ఆకాశాన్ని అంటుతుంటే ఇక్కడి చిన్నరైతు పిల్ల పెళ్లికో, పిల్లవాడి చదువుకో ఎకరం అమ్ముకుందామంటే ధర పలికేది కాదు. మరోపక్క నిబంధనలను లెక్కచేయకుండా ఫామ్‌హౌసులు, కల్యాణమండపాలు వెలిశాయి. ఆంక్ష పేదవాడికి వర్తించినంతగా పెద్దవాడికి వర్తించలేదన్న ఆవేదన ఈ గ్రామాల్లో బలంగా ఉంది. నీటిని కాపాడినందుకు ఆ రైతుకు నగరం ప్రతిఫలంగా ఏమిచ్చిందని అడిగితే, చెప్పుకోదగిన జవాబు లేదు.

నగరానికి కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు వస్తున్నందున ఈ జలాశయాల మీద ఆధారపడడం తగ్గిందన్న కారణంతో, 2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం జీవో 69 ద్వారా జీవో 111 ఆంక్షలను తొలగించింది. జలాశయాల నాణ్యతను కాపాడడానికి మురుగునీటి శుద్ధి కేంద్రాలు, మళ్లింపు కాలువలు కడతామని అందులో పేర్కొంది. 2023 మేలో మంత్రివర్గం ఈ రద్దునే మళ్లీ ఖరారు చేసింది. చర్చ మాత్రం ముగియలేదు.

ఈ మార్పును చరిత్ర దృష్టితో ఇలా చెప్పుకోవచ్చు. మలినం కాకుండా చూసే పద్ధతి నుంచి మలినమయ్యాక శుద్ధి చేసే పద్ధతికి మనం మారుతున్నాం. రెండో పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో నల్లగొండ, పటాన్‌చెరు మనకు ముందే చూపించాయి. మొదటి పద్ధతి బరువును ఎవరు మోశారో మొయినాబాద్, చేవెళ్ల రైతులు చెబుతారు. న్యాయమైన విధానం ఈ రెండు పాఠాలనూ చదివినదై ఉండాలి. నీటిని కాపాడాలి, కాపాడిన రైతుకు అందులో వాటా దక్కాలి.

7. సారాంశం

సాసేజీ తొడుగుతో కోల్ఫ్ కట్టిన యంత్రం, స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టం, వలియత్తాన్ కవాటం, నల్లగొండ బిందె: ఇవన్నీ మనిషి బాధను తగ్గించిన ఆవిష్కరణలు. వాటి విలువను తక్కువ చేయడం ఈ పాఠం ఉద్దేశం కాదు. డయాలసిస్ మంచం మీద ఉన్నవారికి ఆ యంత్రమే ప్రాణం. కానీ ప్రతి శుద్ధికీ ఒక శేషం ఉంటుంది. అది మురుగుకాలువలో ద్రావణంగా, పొయ్యిలో పొగగా, తొట్టెలో బురదగా, పైపులైనులో మందునీరుగా, రైతు మీద ఆంక్షగా మిగులుతుంది. ఏదైనా ఒక ఆవిష్కరణ గురించి చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. అది దేన్ని తొలగించింది? తొలగించినది ఎక్కడికి పోయింది? ఆ చోట ఎవరున్నారు? మొదటి ప్రశ్నకు జవాబు శాస్త్రవేత్త రాసిన నివేదికలో దొరుకుతుంది. మిగతా రెండింటికీ జవాబులు వెతకడం చరిత్ర విద్యార్థి పని.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

ఈ కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.

1. డయాలసిస్ అనే పదాన్ని ఎవరు, ఎప్పుడు వాడారు?
2. దీర్ఘకాలిక రక్తశుద్ధికి టెఫ్లాన్ గొట్టం ఎలా తోడ్పడింది?
3. నల్లగొండ పద్ధతిలో వాడే పదార్థాలు ఏవి?
4. రక్తపు సంచులకు 2018 సవరణలో మినహాయింపు ఎందుకు ఇచ్చారు?

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాలలో జవాబులు రాయండి.

1. పటాన్‌చెరు అనుభవం శుద్ధి విధానాల పరిమితులను ఎలా తెలియజేస్తుందో చర్చించండి.
2. జీవో 111 చరిత్రను తెలిపి, ముందుజాగ్రత్త సూత్రం ప్రాధాన్యాన్ని, దాని సామాజిక మూల్యాన్ని అంచనా వేయండి.

10. అభ్యాస కృత్యం

మీ గ్రామంలోని నీటి శుద్ధి ప్లాంటును గానీ, దగ్గరలోని ఆసుపత్రిని గానీ, కర్మాగారాన్ని గానీ ఎంచుకోండి. అక్కడి నుంచి బయటికి వచ్చే నీరు లేదా వ్యర్థం ఏ దారిన పోయి ఎక్కడ చేరుతుందో నడిచి చూసి, ఒక పటం గీయండి. ఆ దారిలో ఇళ్లు, పొలాలు ఉన్నవారిలో ముగ్గురితో మాట్లాడి, వారు చెప్పిన విషయాలను రెండు పుటలలో రాయండి. అందరికన్నా వయసు పైబడినవారిని తప్పకుండా కలవండి. ఆ వాగు ఒకప్పుడు ఎలా ఉండేదో ఏ దస్తావేజులోనూ లేకపోయినా, వారికి గుర్తుంటుంది.